దోమల బండి

మా బండి ఇంజన్లో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోయాయని మొదట కనిపెట్టింది నేను కాదు, మా వీధి పిల్లలు. నా వెనక నీలం పొగలో పరుగెత్తుతూ "దోమల బండొచ్చింది!" అని ఒకటే కేకలు. నెల్లూరులో దోమల మందు కొట్టే బండికున్న మర్యాద ఏ మంత్రిగారి కారుకూ ఉండదు లెండి.

నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, నీలం పొగైతే ఇంజనాయిలు కాలుతున్నట్టు. అంతవరకు నాకూ తెలుసు. ఆ కాస్త తెలివే కొంప ముంచింది. మూడు రింగులు మార్చడానికి లేబరెందుకని ఆదివారం పూట నేనే ఇంజను పైమూత హెడ్డూ, పిస్టన్ ఆడే గొట్టం బోరూ విప్పాను. రైసుమిల్లులో పద్దులు రాసేవాణ్ణి, చేతికి పద్ధతి ఎక్కువ. రింగుల మూతులు, అంటే రెండు కొసల మధ్య సందులు, మూడూ తిన్నగా ఒకే వరసలో పెట్టాను. రెండో రింగు మీద సన్నగా ఏవో అక్షరాలున్నాయి. పైన మంట, మసి. పాపం చెరిగిపోతాయని వాటిని కిందికి తిప్పాను.

మర్నాడు కోవూరులో పెళ్లి. మామగారిని ఎక్కించుకుని పెన్నా బ్రిడ్జి ఎక్కేసరికి పికప్ చచ్చింది. సైకిలు మీద గడ్డిమోపుతో ఓ ముసలాయన మమ్మల్ని దాటిపోయాడు. పొగ మాత్రం మునుపటికి రెండింతలు. ఇస్త్రీ పంచెలో మామగారు దగ్గుతూ, "అబ్బాయా, బండి తోలుతున్నావా, ఇటుకబట్టీ నడుపుతున్నావా?" అని దిగి ఆటో ఎక్కారు.

షెడ్డులో భాయ్ ఇంజను విప్పి చాలాసేపు నవ్వాడు.

"సామీ, ఈ అక్షరాలు పైకే ఉండాల. ఈ రింగు అంచు ఏటవాలు. పిస్టన్ దిగేటప్పుడు గోడకంటిన ఆయిలు కిందికి గీకాల. నువ్వు తిరగేస్తివి, అది పైకి గీకి మంటకు పోస్తా ఉంది. పైగా మూతులన్నీ ఒకే గీతలో పెట్టి గ్యాసుకు అడ్డదోవ చూపించావు. 120 డిగ్రీల ఎడంగా పెడితే అది చుట్టూ తిరిగి చావాల."

"అసలా మూతి దగ్గర సందెందుకు భాయ్?"

"ఇనుము వేడికి సాగుతుంది గదా. సందు లేకుంటే బిగుసుకుని బోరును గీరేస్తుంది."

పోత ఇనుము రింగు, తీసేటప్పుడు పుటుక్కుమంది. కొత్త సెట్టు, లేబరు, మామగారి ఆటో... ఆ పద్దు నేను రాయలేదు.

వారం తర్వాత ఎదురింటి పెద్దమ్మ ఆపింది.

"ఏం నాయనా, నీ బండికి పొగ రావడంలేదే?"

రింగు తిరగబడిందని, బాగు చేయించానని గొప్పగా చెప్పాను.

"ఆ రింగేందో మళ్లీ తిరగేసి పెట్టరాదా! రాత్రంతా ఒకటే దోమలు."