ముడి ఆపండి, ఫొటో చూసుకుంటున్నారు

పెళ్లిపందిట్లో అందరికంటే ఎక్కువ కష్టపడేది పెళ్లికూతురి తండ్రే అంటారు. అన్యాయం. ఒక్కసారి ఫొటోగ్రాఫర్ మెడ చూడండి. క్లిక్కుమనిపించాలి, తల దించాలి. మళ్ళీ క్లిక్కు, మళ్ళీ తల దించడం. ఎడమ అరచెయ్యి కెమెరా తెరకు గొడుగులా పట్టి, బొటనవేలితో చక్రం తిప్పి, పెళ్లికూతురి కనురెప్ప దాకా బొమ్మను పెద్దది చేసుకుంటాడు. వెంట్రుక వెంట్రుకా షార్ప్‌గా కనబడ్డాక చిన్నగా నవ్వుకుంటాడు. వెనకాల లైటు పట్టుకున్న కుర్రాడు కూడా మెడ సాచి, "సూపరన్నా" అంటాడు. ఈలోగా పెళ్లికొడుకు రెండో ముడి వేసేస్తాడు. ఎంత తొందరపాటు మనిషో!

రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫొటోలు తీసిన రోజుల్లో ఈ భాగ్యం లేదు. గాజుపలక మీద బొమ్మ పడిందో లేదో చీకటిగదిలో గానీ తేలేది కాదు. తర్వాత 36 బొమ్మల ఫిల్ము రీలు వచ్చినా కథ అంతే. కెమెరా వెనక చూసుకోవడానికి ఏమీ లేక, ఆ పాతకాలం వాళ్ళు పాపం ఎదురుగా జరిగే పెళ్లే చూడాల్సివచ్చేది. 1995లో క్యాసియో క్యూవీ-10 అనే డిజిటల్ కెమెరా వెనక తెరతో మార్కెట్లోకి వచ్చింది, ఆ బాధ తప్పింది.

లైటు మారినప్పుడు హిస్టోగ్రామ్, అంటే బొమ్మలో వెలుగునీడల పాళ్ళు చూపే చిన్న పటం, ఓసారి చూసుకుని, జరీ అంచు తెల్లగా మాడిపోలేదని తేలాక ఇక తల ఎత్తి పని చేసుకోవచ్చు కదా అనే చాదస్తులు లేకపోలేదు. చూడాల్సింది ఏదైనా ఉంటే పంతులుగారు ప్రవర చదివేటప్పుడు చూసుకోవచ్చట. ఇలాంటివాళ్ళ కోసమే కాబోలు, లైకా కంపెనీ 2018లో ఎం10-డి అని వెనక తెరే లేని డిజిటల్ కెమెరా తెచ్చింది. తెర పీకేశారు గదా అని ధరేమైనా తగ్గించారా అంటే, అదీ లేదు.

సుముహూర్తాన అడ్డుతెర దిగుతుంది. జీలకర్ర-బెల్లం చేతులతో వధూవరులు ఒకరినొకరు చూసుకుంటారు. అమ్మాయి వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది. ఆ క్షణానికి మనవాడు, తెర ఇంకా దిగకముందు తీసిన ఫొటోలో పంతులుగారి మోచెయ్యి అడ్డొచ్చిందని విచారిస్తూ ఉంటాడు. విచారం తీరాక, "సార్, ఆ తెర మళ్ళీ ఒక్కసారి పట్టుకోండి, మేడమ్, మీరు ఇందాకట్లా ఏడవండి" అంటాడు. ఆవిడకేమో నవ్వొస్తుంది. సహకారం లేని కుటుంబాలు!

కనుక పంచాంగకర్తలకు ఒక మనవి. ముహూర్తం నిమిషాలతో సహా రాసేటప్పుడు, ప్రతి ముడికీ మధ్య కెమెరా తెర చూసుకునేందుకు కొంత వ్యవధి కలపండి. "గట్టిమేళం" అనే అధికారం కూడా పంతులుగారి నుంచి తప్పించి, తల ఎత్తి బొటనవేలు చూపించే ఫొటోగ్రాఫర్‌కే ఇప్పించండి. సన్నాయి వాళ్ళకు అభ్యంతరం ఉండదు, నాలుగు గుక్కలు ఊపిరి పీల్చుకుంటారు.