లైన్‌మెన్ గురించి కూడా రాయండి

అమెరికన్ ఫుట్‌బాల్ మీద మీరు రాసిన వ్యాసం మొత్తం బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ల చుట్టూనే తిరిగింది. టామ్ బ్రేడీ గొప్పవాడే, 2000 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) 199వ ఆటగాడిగా వచ్చి 7 సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. కానీ బంతి విసరడానికి ఆ రెండు మూడు సెకన్లు ఇచ్చేది ముందు నిలబడి దెబ్బలు కాసే అఫెన్సివ్ లైన్‌లోని ఐదుగురు లైన్‌మెన్. నాకు వాళ్లంటేనే ఎక్కువ అభిమానం.

ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టుకి సెంటర్‌గా, అంటే ఆ ఐదుగురి మధ్యలో నిలబడి, ఆడిన జేసన్ కెల్సీనే తీసుకోండి. ఆ స్థానానికి బరువు చాలడన్నారు, 2011 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. 13 సీజన్లు ఒకే జట్టుకి ఆడాడు. 2018 ఫిబ్రవరిలో బ్రేడీ జట్టుని 41-33తో ఓడించి ఈగల్స్ తొలి సూపర్ బౌల్ గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌కి బంతి అందించింది ఆయనే. బంతి కాళ్ల మధ్య నుంచి వెనక్కి ఇచ్చిన మరుక్షణమే తనకంటే భారీ మనిషిని ఆపాలి! 2024 మార్చిలో రిటైర్మెంట్ ప్రకటిస్తూ ఆయన ఏడుస్తుంటే నాకూ కన్నీళ్లు ఆగలేదు. తర్వాతి వ్యాసం ఇలాంటివాళ్ల మీద రాయండి, ప్లీజ్.