శ్రీ రామభద్ర ఫాంటు గారికి ఫ్లెక్సీ బాధితుడి విన్నపం

మహారాజశ్రీ రామభద్ర ఫాంటు గారికి నమస్కరించి రాయునది,

తమరు క్షేమమా అని అడగను. మా సందు మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన తమరిని రోజూ చూస్తూనే ఉన్నాను. నెల రోజులు పస్తులున్నా తగ్గే ఒళ్ళు కాదది.

తమరి వంశం గొప్పది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా లోకం మీదికి వదిలిన తెలుగు ఫాంట్లలో, అదే కంప్యూటర్ అక్షరాల తీరుల్లో, తమరొకరు. అష్టదిగ్గజాల్లో ఒకరని చెప్పే అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి కూడా ఫాంట్లయిపోయారు, చివరికి రాయలవారికీ తప్పలేదు. రామభద్ర కవికి సంతానం ఎక్కువని, అందుకే ‘పిల్లల రామభద్రయ్య’ అనేవారని చెప్పుకుంటారు. ఆ పోలిక మాత్రం తమరికి బాగా వచ్చింది. ఏ గోడ చూసినా తమరి సంతానమే.

తెలుగు అక్షరం అసలే గుండ్రం. దాన్ని లావు చేసి, కొనలు కూడా నున్నగా తిప్పేసరికి ‘ఏడుపు’ అని రాసినా నవ్వుతున్నట్టే ఉంటుంది. బారసాల ఫ్లెక్సీకి అందమే, కాదనను. తమరిని చేసింది శీర్షికలకీ, పోస్టర్లకీ, శుభలేఖల మీద పేర్లకీ. హాయిగా అక్కడే ఉండొచ్చు కదా! మొన్న ‘అశ్రునివాళి’ మీద ప్రత్యక్షమయ్యారు. పోయినాయన ఫొటోలో గంభీరంగా చూస్తున్నారు, కింద తమరు బుగ్గలు పొంగించుకుని ‘దశదిన కర్మ’ అంటున్నారు. పక్క స్తంభానికి అదే సైజులో ‘అన్నకు జన్మదిన శుభాకాంక్షలు’. దూరం నుంచి చూస్తే ఎవరికి కేకు కొయ్యాలో, ఎవరికి దండ వెయ్యాలో తెలిసి చావదు.

ఆ ‘శుభాకాంక్షలు’ కూడా ఒక్కోచోట ‘శుభాకాంక్‌షలు’ అయి వేలాడుతుంటుంది. ఆ పాపం తమరిది కాదు లెండి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మన భాషల సెట్టింగ్ పెట్టకపోతే వొత్తులు ఊడి పక్కన పడతాయి.

తమరి పేరు పక్కన ఉండే ‘రెగ్యులర్’, అంటే మామూలు మందం, అన్న సంగతే నాకు మింగుడుపడదు. ఇంత లావుండి రెగ్యులరా? తమరికి సన్నపాటి తమ్ముడూ లేడు, ఇంకా లావుపాటి అన్నా లేడు. పాపం డీటీపీ కుర్రాడు ఆ మాట నమ్మి, అక్షరాన్ని లావు చేసే బోల్డ్ బటన్ నొక్కేస్తాడు. వేరే లావు ఫాంటు లేదు గనక కంప్యూటరే గీతల మీద ఇంకో పూత పూస్తుంది. ‘థ’ కడుపులో చుక్క పోయి అంచుకి అంటుకుంటుంది, ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది. ఇక శుభలేఖ అడుగున ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్నచోట పేర్లన్నీ చీమ తలకాయంత సైజులో తమరితోనే కొట్టిస్తే, ఏ బాబాయి పేరు పడిందో ఏ పెదనాన్న పేరు పడలేదో తేలక పెళ్ళింట్లో అలకలు. భూతద్దం పెట్టి చూసినా నల్లటి ముద్దలే.

అందుచేత ఒక మనవి. ఎవరైనా ‘ప్రమాదకర మలుపు’ బోర్డుకి పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పండి. నివాళికి పిలిస్తే మైల అనండి. నాయకుల పుట్టినరోజులకి రావద్దంటే మాత్రం మీరూ వినరు, వాళ్ళూ వినరు. మా వార్డు అన్న పుట్టినరోజు వచ్చే వారమే. ఎలాగూ వస్తారు కదా, కాస్త పైకి కట్టించుకోండి, మా వీధి పేరు బోర్డు కనిపించడం లేదు.

ఇట్లు,
పోస్ట్‌మేన్‌కి దొరకని చిరునామాలో ఉంటున్న
తమరి విధేయుడు