గడ్డ కట్టిన కాలు నడవకూడదా? ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

"కాలి సిరలో ఒకసారి రక్తం గడ్డ కడితే ఇక నడవొద్దు, మెట్లెక్కొద్దు. గడ్డ కదిలిపోతుంది. కాళ్లెత్తుకుని పడుకోండి, పిక్కలు గట్టిగా పిసికించండి, బీచ్ ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడండి." విశాఖలో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతున్న ఈ సలహా కాళ్లను పాడుచేస్తుంది.

"గడ్డ కదులుతుంది." కొత్త గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరడం నిజమైన ప్రమాదమే. రక్తం పలచబరిచే మందు ఇచ్చేది అందుకే. మందు మొదలయ్యాక, పరిస్థితి నిలకడగా ఉన్నవారిని నడిపిస్తే ఆ ముప్పు పెరగలేదని అధ్యయనాల్లో తేలింది. నెలలు గడిచిన గడ్డ సిర గోడకు అతుక్కుని మచ్చలా మిగులుతుంది. అప్పటి బాధ వేరు: రక్తం వెనక్కి జారకుండా సిరలో తలుపుల్లా పనిచేసే కవాటాలు చెడి రక్తం కిందికి జారుతుంది. సాయంత్రానికి వాపు, బరువు, చీలమండ దగ్గర నల్లబడిన చర్మం, ముదిరితే మానని పుండు.

"పడుకుంటే చాలు." మడమ గుండెకంటే ఎత్తులో 15-20 నిమిషాలు పెట్టుకుంటే హాయే. కానీ నిలబడినప్పుడు రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరం. కదలకుండా నిలబడితే చీలమండ సిరల్లో పీడనం 80-90 పాదరస మిల్లీమీటర్లుంటుంది. ఆరోగ్యమైన కాలు నడిస్తే అది దాదాపు 30కి పడుతుంది, దెబ్బతిన్న కాలిలో అంత పడదు. అందుకే పంపులా పనిచేసే పిక్కకు బలం కావాలి. మంచం పట్టినవారికి పిక్క సన్నబడుతుంది, చీలమండ బిగుసుకుంటుంది. చీలమండ వంగని కాలిలో పిక్కకు ఎంత బలమున్నా రక్తాన్ని సరిగా తోడలేదు.

కాబట్టి మొదట కూర్చుని పాదం పైకీ కిందికీ 15 సార్లు, రోజుకు మూడు విడతలు. గోడకు చేతులానించి పిక్క సాగదీత, 30 సెకన్లు, మూడుసార్లు. తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం: రెండు లెక్కల్లో పైకి, మూడు లెక్కల్లో కిందికి, 8-10 సార్లు, రెండు విడతలు. గబగబా ఎత్తి దించితే పిక్క పూర్తిగా పిండుకోదు, ఫలితం తగ్గుతుంది. నడక 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుతూ అరగంటకు చేర్చాలి. కెనడాలో 43 మందితో చేసి 2011లో వెలువరించిన ఒక చిన్న అధ్యయనంలో ఆరు నెలల శిక్షణ రోజువారీ జీవితాన్ని మెరుగుపరిచింది. చెడిన కవాటాలు మాత్రం వ్యాయామంతో బాగుపడవు.

"మెట్లెక్కొద్దు." ఎక్కొచ్చు, కాకపోతే వరుసలో. ముందు ఆర్కే బీచ్ రోడ్డు లాంటి చదును నేల, కొన్ని వారాలయ్యాక కైలాసగిరి వాలు, సింహాచలం మెట్లు. ఏ సాధనా లేకుండా 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు దిగడం తప్పు.

"పిసికించండి." వద్దు. గడ్డ కొత్తదైతే అపాయం, మందు వాడుతుంటే చర్మం కమిలిపోతుంది.

"ఇసుకలో చెప్పుల్లేకుండా." గవ్వ గీరుకున్న చిన్న గాయం కూడా ఈ చర్మంపై నెలలు మానకపోవచ్చు. బూట్లు వేసుకోండి. బిగుతు మేజోళ్లు డాక్టరు కొలత తీసి ఇస్తే, ఉక్కపోసినా మంచం దిగకముందే తొడిగి రాత్రి తీసేయాలి. షుగరున్నవారు, పొగతాగేవారు వాటిని తొడిగేముందు పాదానికి రక్తం సరిగా అందుతోందో లేదో నాడి చూపించుకోవాలి.

నడుస్తుంటే కాలు పగిలిపోయేంత నొప్పి వచ్చి, ఆగి కాలెత్తితే తగ్గుతుంటే పొత్తికడుపు సిర మూసుకుపోయి ఉండొచ్చు. సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయించాలి. కాలు ఒక్కసారిగా వాచినా, ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం వచ్చినా వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి.