కంపెనీకి పెళ్లి, ఉద్యోగులకు కాపురం

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు వెళ్లి యూనియన్ బ్యాంకులో కలిసింది. లాక్‌డౌన్‌లో జరిగిన ఆ పెళ్లికి బాజాభజంత్రీలు లేవు. విశాఖ వీధుల్లో బోర్డులు మారాయి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఏఎన్‌డీబీ పోయి యూబీఐఎన్ వచ్చింది. ఇంటిపేరు మారడమంటే ఏమిటో మగ ఉద్యోగులకు తొలిసారి తెలిసింది.

ఏ కంపెనీ ఎందులో కలిసినా వాళ్ల గోడు ఒకటే. "మా పాత ఆఫీసులో ఇలా కాదండీ" అంటే "ఇక్కడింతే" అంటారట. పాపం, కొత్త. పక్క సీటావిడ ఆ మాట పెళ్లైన మర్నాటి నుంచీ వింటోంది. ఆవిడకు వేరే శిక్షణ ఎందుకని యాజమాన్యం అనుకుంటే తప్పు పట్టలేం.

నిబంధనల్లో ఆడా మగా తేడా లేదు, మెచ్చుకోవాలి. రెండు రిసెప్షన్లు, రెండు జీతాల సెక్షన్లు దండగని ఒకటి తీసేస్తారు. ఆ కుర్చీల్లో ఆడవాళ్లే ఎక్కువ కనబడటం కేవలం కాకతాళీయం.

డేటా మార్చే పని శని, ఆదివారాల రాత్రుళ్లు సాగుతుంది. "మేడమ్, మీరు బయల్దేరండి, మళ్లీ గాజువాక బస్సు దొరకదు" అని ఆదరంగా పంపేస్తారు. రాత్రి రెండింటికి ఏ ఖాతా ఎక్కడ తప్పిందో చూసినవాళ్లే సోమవారానికి కీలక సిబ్బంది. ఏడాది చివర ఆవిడ అప్రైజల్‌లో "విలీన పనుల్లో చొరవ చూపలేదు" అని ఉంటుంది. క్యాబ్ పెడితే సరిపోయేది. కానీ క్యాబ్‌కి బిల్లవుతుంది, ఆదరానికి కాదు.

ప్రసూతి సెలవు 26 వారాలు. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. కిటుకంతా కొత్త నియామకపత్రంలో "చేరిన తేదీ" అన్న చిన్న గడిలో ఉంది. అక్కడ పాత తేదీకి బదులు విలీనం తేదీ పడిందా, కాగితం మీద 80 రోజులూ, గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లూ సున్నా నుంచి మొదలు. "పాత సర్వీసు కొనసాగుతుంది" అన్న ఒక్క వాక్యం రాసివ్వమని ఐదో నెల గర్భిణి అడిగితే "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అని నొచ్చుకుంటారు. వాక్యం మాత్రం రాయరు.

ఇక లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ. పదిమంది ఉన్న ప్రతి ఆఫీసులోనూ ఉండాలి, అధ్యక్షురాలు సీనియర్ మహిళై ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లుండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. విలీనం రోజున పాత కమిటీ రద్దవుతుంది. కొత్తది "ఏర్పాటులో ఉంది". ఫిర్యాదు చేసినావిడకు శ్రీకాకుళం బదిలీ, ఫిర్యాదు ఎవరి మీదో ఆయనకు విలీన పనుల ఇన్‌ఛార్జి పదవి. ఫైలొక్కటే ఎక్కడికీ కదల్లేదు, సిరిపురం పాత ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కొత్త ఆఫీసులో ఎవరికీ తెలీదు.