మహారాజశ్రీ ద్రాక్షతోట గారి సముఖానికి

నంది కొండ దారిలో వెలసిన తమకు, తమ యజమానికి, ఆయనగారి సొంత వైనరీకి నమస్కారాలు. ఆదివారం పూట హెబ్బాళ ట్రాఫిక్‌ని ఈదుకుంటూ వచ్చి, సంచీడు పులుపు మోసుకెళ్ళిన బెంగళూరు మారతహళ్ళి వాస్తవ్యుడి మనవి.

"తోట ద్రాక్ష, తాజాగా, కిలోల లెక్కన" అని తమ బోర్డు. అబద్ధం లేదు. తోటదే, తాజాదే, తూకమూ సరిగ్గానే ఉంది. బోర్డు మింగేసిన మాట గేటు దగ్గరి పెద్దాయన చిక్కబళ్ళాపురం తెలుగులో చెప్పాడు: "మాగినవన్నీ తెల్లారే వైనరీకి పొయినాయి సార్, ఇవే ఉండాయి."

తమ పద్ధతి గొప్పది. రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క రసం పిండి తీపి చూస్తారు. తీపి పట్టిన వరసలు ఎండెక్కకముందే క్రేట్లకెక్కి వైనరీకి పోతాయి. పిట్టలు పొడిచినవి, సగం గుత్తి పచ్చిగా ఉన్నవి మా మొహాన. ఇంటల్లుడికి నేతిగారెలు, దారిన పోయేవాడికి మూకుడులో మాడినవి.

పోనీ, సొంత వైనరీ కదా, పెట్టుకోండి. కానీ అక్కడ ఆ తీపి తినేదెవరండీ? ఈస్టు! షిరాజ్ అనే వైన్ ద్రాక్షని 24 బ్రిక్స్ దాకా, అంటే రసంలో నూటికి ఇంచుమించు 24 పాళ్ళు చక్కెర పట్టేదాకా, తీగమీదే మాగనిచ్చి, ఆ చక్కెరంతా కంటికి కనబడని ఈస్టుకి వడ్డిస్తారు. అది సుబ్బరంగా తినేసి 13 శాతం ఆల్కహాల్ చేసి పెడుతుంది. ఆఖరికి డ్రై వైన్ సీసాలో నాలుక్కి తగిలే తీపే ఉండదు! తీపి కోసం ఇంతదూరం వచ్చినవాడికి పులుపు, తీపిని మాయం చేసేదానికి తీపీనా? మా ఆవిడ రెండు పళ్ళు నోట్లో వేసుకుని "పచ్చడి చేస్తాలెండి" అంది.

టేస్టింగ్ రూముకి ఏసీ, మా క్యూకి గొడుగు కూడా లేదు. ద్రాక్ష రైతు బాగుకోసమని 2007లో వైన్ పాలసీ తెచ్చిన కర్ణాటక ప్రభుత్వానికి కూడా కిలో కొనేవాడు గుర్తుకు రాలేదు. నక్క కథ మాత్రం నా దగ్గర ఎత్తకండి. దానికి ద్రాక్ష అందలేదు. నాకు డబ్బు పుచ్చుకుని మరీ అందించారు.

సంచి అడుగున పొరపాటున ఒక్క గుత్తి మాగిన బెంగళూరు బ్లూ దొరికింది. నొక్కితే తొక్క వదిలేసి గుజ్జు నోట్లోకి జారింది. కారంతా ఒకటే వాసన! 2013లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సొత్తని చెప్పే గుర్తు, తెచ్చుకున్న పండు. గింజలున్నా, తొక్క మందమైనా, దాని ముందు సూపర్ మార్కెట్ ద్రాక్ష బలాదూర్. ఇంత మంచి సరుకు పెట్టుకుని నాకు ఆ చెత్త అంటగడతావా? సిగ్గులేదూ నీకు?

బోర్డు మార్చు. "వైనరీకి పోగా మిగిలినవి" అని రాసి ధర సగానికి దించు. వచ్చే కోతకి మళ్ళీ వస్తా. ఈసారి క్రేట్లు కదలకముందే, చీకటితోనే వచ్చి గేటుకి అడ్డంగా కారు పెడతా.