మూడు గ్రాముల పిట్టకు ఇన్ని అదనపు బాధ్యతలా?

32 ఏళ్లు ప్రభుత్వ కొలువు చేసినవాణ్ణి కనుక, ఎవరికైనా ఒక పని అప్పగించారని వింటే ముందుగా వారి అర్హతలేమిటి, సర్వీసు రిజిస్టరులో ఏముంది అని ఆరా తీయడం నాకు అలవాటు. డాలస్ శివార్లలో ఉంటున్న మా అబ్బాయి ఇంటికి ఆగస్టులో వచ్చినప్పటి నుంచి, పెరటి కిటికీ ముందు కూర్చుని హమ్మింగ్‌బర్డ్ అనే పిట్టను ఆ దృష్టితోనే గమనిస్తున్నాను. మా కోడలు ఫోనులో చూసి చదివి వినిపించినదాని ప్రకారం ఈ పిట్ట శాంతికి, ప్రేమకు, ఆనందానికి, ఓర్పుకు, పునర్జన్మకు ప్రతీక. అది చాలదన్నట్టు, గతించిన పెద్దలకు మనల్ని చూడాలనిపించినప్పుడు ఈ పిట్ట రూపంలోనే వచ్చి వెళ్తారట. మన ఊళ్లలో దసరానాడు దర్శనమివ్వడమనే ఒక్క పని పాలపిట్టకు, పితృదేవతల శాఖ మొత్తం కాకికి అప్పగించి పెద్దలు చక్కగా పని విభజన చేశారు. ఇక్కడ అన్ని శాఖల ఇన్‌చార్జి బాధ్యతలూ 3 గ్రాముల బరువున్న ఒకే ప్రాణి నెత్తిన పెట్టారు. విచారణ జరిపించవలసిన విషయమే.

శాంతి శాఖతో మొదలుపెడతాను. ఒక గ్లాసు పంచదారకు నాలుగు గ్లాసుల నీళ్ల చొప్పున కలిపి, మా కోడలు ఎర్రటి ఫీడరులో పోసి చూరుకు వేలాడదీసింది. దాని చుట్టూ పువ్వుల ఆకారంలో నాలుగు రంధ్రాలున్నాయి, అంటే ఏకకాలంలో నాలుగు పిట్టలు పంక్తిలో కూర్చుని తాగే ఏర్పాటు ఉంది. నేను వచ్చిన ఈ ఆరు వారాలలో ఆ పంక్తిలో రెండో విస్తరి పడగా చూడలేదు. తెల్లని గొంతు, పచ్చని వీపు ఉన్న ఒక ఆడపిట్ట ఎదురుగా కొమ్మ కొసన కాపలా కూర్చుంటుంది. మరొకటి వచ్చి ఇంకా ముక్కు ఆనించకముందే, తిట్ల దండకంలా కిచకిచలాడుతూ దాని మీదికి దూకి, కంచె అవతలి దాకా తరిమి, మళ్లీ వచ్చి అదే కొమ్మ మీద అదే చోట కూర్చుని రెక్క సవరించుకుంటుంది. న్యాయంగా చెప్పాలంటే దాని ఇబ్బందులు దానికున్నాయి. సెకనుకు 50 సార్లకు పైగా రెక్కలు కొట్టాలి, ఎగిరేటప్పుడు గుండె నిమిషానికి వెయ్యిసార్లు దాటి కొట్టుకుంటుంది, పైగా శీతాకాలం రాకముందే దక్షిణంగా మెక్సికో, మధ్య అమెరికా దాకా పోవాలి కాబట్టి ప్రయాణానికి ముందు ఒంటి బరువును దాదాపు రెట్టింపు చేసుకోవాలి. ఇంత ఖర్చున్న సంసారానికి పంచదార నీళ్ల దగ్గర శాంతి ప్రవచనం కుదరదు.

అయినా వ్యక్తిగత అభిప్రాయంతో రిపోర్టు రాయకూడదు కనుక పాత రికార్డులు తీశాను. హమ్మింగ్‌బర్డ్ జాతులు 360కి పైగా ఉంటే, అన్నీ అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొస దాకా అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి. కాబట్టి దాని గుణగణాల గురించి సాక్ష్యం చెప్పే హక్కు ముందుగా అక్కడి పాతకాపులది. మెక్సికోలోని అజ్టెక్ ప్రజలు ఈ పిట్టను తరతరాలుగా దగ్గరి నుంచి చూసి, బాగా ఆలోచించి, తమ యుద్ధ దేవుడికి దాని పేరు పెట్టారు. విట్సిలోపోచ్ట్లి అనే ఆ పేరుకు వారి భాషలో ఎడమవైపు హమ్మింగ్‌బర్డ్ అని అర్థం. ఆయన తల్లి కొండ మీద గుడి ఊడుస్తుండగా ఆకాశం నుంచి ఈకల బంతి ఒకటి పడింది, దాన్ని నడుముకు దోపుకొంది, కడుపు పండింది. పరువు పోయిందని కూతురు కోయొల్‌షౌకి, ఆమె 400 మంది తమ్ముళ్లూ తల్లిని చంపడానికి బయలుదేరితే, ఆయన ఆయుధాలతో సహా పుట్టి, అక్క తల నరికి, అవయవాలు వేరు చేసి కొండ మీద నుంచి దొర్లించి, తమ్ముళ్లను తరిమికొట్టాడు. 1978లో మెక్సికో నగరం నడిబొడ్డున విద్యుత్తు కార్మికులు గొయ్యి తవ్వుతుంటే మూడు మీటర్లకు పైగా వెడల్పున్న గుండ్రని రాయి బయటపడింది, దాని మీద ఆ అక్కగారి ముక్కలన్నీ చెక్కి ఉన్నాయి. అది ఆయన గుడి మెట్ల పాదం. 1487లో ఆ గుడిని పెంచి మళ్లీ ప్రతిష్ఠించినప్పుడు బలి ఇచ్చిన బందీల సంఖ్య మీద చరిత్రకారులు ఇప్పటికీ కీచులాడుకుంటూనే ఉన్నారు. నేను ఈ ఫైలు సారాంశం వినిపించగానే మా కోడలు, "మామయ్యగారూ, అదంతా నెగెటివ్ ఎనర్జీ, వీళ్లు అది రాయలేదు" అంది.

ప్రేమ శాఖ పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంది. మెక్సికోలో ఈ పిట్టను చుపరోసా అంటారు, గులాబీని పీల్చేది అని. చచ్చిన పిట్టను ఎండబెట్టి, ఎర్రదారం చుట్టి, ప్రార్థన రాసిన కాగితంతో సంచీలో పెట్టి దగ్గర ఉంచుకుంటే కోరుకున్న మనిషి వలచి వస్తారని నమ్మకం. మెక్సికో నగరంలోని సొనోరా బజారులో ఇలాంటివి అమ్ముతారు. అమెరికాలోనైతే 1918 నాటి వలసపక్షుల చట్టం కింద ఆ సంచీ దగ్గరుంటేనే నేరం. అంటే ఈ శాఖలో పనిచేయడానికి పిట్ట చచ్చి ఉండటం కనీస అర్హత. బతికున్న మగపిట్ట ఈ విషయంలో ఏం చేస్తుందో కూడా రికార్డులో ఉంది: జత కట్టడం అయిన వెంటనే వెళ్లిపోతుంది, మళ్లీ ఆ ఛాయలకు రాదు. సాలెగూటి దారంతో గూడు కట్టడం, చిక్కుడు గింజంతేసి రెండు గుడ్లు పెట్టి పొదగడం, పిల్లలకు మేత తేవడం అంతా ఆడపిట్ట ఒంటిచేతి మీదే నడుస్తుంది. పెళ్లికార్డుల మీద ఈ బొమ్మ వేయించుకునేవారు ఏ పిట్టను ఉద్దేశించి వేయించుకుంటున్నారో వధువు తరఫువారు ముందే కనుక్కోవడం మంచిది.

గతించిన ఆత్మల విషయంలో మాత్రం పాత ఆధారం లేకపోలేదు. యుద్ధంలో చచ్చిన వీరులు నాలుగేళ్లు సూర్యుడి వెంట నడిచి, ఆ తర్వాత హమ్మింగ్‌బర్డ్‌లుగా, సీతాకోకచిలుకలుగా మారి పువ్వుల తేనె తాగుతారని అజ్టెక్‌లు నమ్మారు. 16వ శతాబ్దంలో సహగూన్ అనే క్రైస్తవ సన్యాసి వారి మాటలన్నీ రాయించాడు. చలికాలంలో ఈ పిట్ట చెట్టుకు ముక్కు గుచ్చుకుని ఎండిపోయి, వానలు పడగానే లేచి ఎగురుతుందని కూడా అందులోనే ఉంది. చలి రాత్రుల్లో ఇది ఒళ్లు చల్లబరుచుకుని, గుండె వేగం తగ్గించుకుని కొయ్యబారిపోవడం, తెల్లవారాక మళ్లీ వేడెక్కడం నిజమే కాబట్టి, పునర్జన్మ పద్దు కింద దీనికి కొంత మార్కు ఇవ్వవచ్చు. కానీ నిబంధన స్పష్టంగా ఉంది: యుద్ధరంగంలో ప్రాణాలు విడిచినవారికే ఈ సౌకర్యం. తాలూకా కచేరీలో గుమాస్తాగా పదవీ విరమణ చేసి, మధ్యాహ్న భోజనానంతరం నిద్రలో పోయిన మా నాన్నగారు ఏ క్లాజు కింద దరఖాస్తు పెట్టుకోగలరు?

మిగతా సంస్కృతుల అర్థాలను కోడలు గబగబా చదివేసింది, నేనూ అంతే వేగంగా దాటిపోతాను. పెరూలో నాజ్కా ఎడారి నేల మీద 90 మీటర్లకు పైగా పొడవున్న హమ్మింగ్‌బర్డ్‌ను గీసినవారు దానికింద అర్థం రాసిపెట్టకుండా పోయారు, ఇది రికార్డు నిర్వహణలో ఘోరమైన లోపం. జమైకా జాతీయ పక్షిని అక్కడ డాక్టర్ బర్డ్ అంటారు. పొడవాటి జోడుతోక పాతకాలపు డాక్టర్ల కోటు తోకల్లా ఉంటుందని ఒక కారణం చెబుతారు. కార్చిచ్చు మీద ముక్కుతో నీటిచుక్కలు తెచ్చి పోసిన హమ్మింగ్‌బర్డ్ కథను నోబెల్ శాంతి బహుమతి పొందిన వంగారీ మథాయ్ ఊరూరా చెప్పారు. ఆవిడది ఈ పిట్ట మచ్చుకైనా లేని కెన్యా. మన ఉడతకైతే ఆ పనికి వీపు మీద మూడు చారలైనా దక్కాయి. ఇక "హిందూ సంప్రదాయంలో హమ్మింగ్‌బర్డ్" అనే పేరా దగ్గర నేను ఆపించాను. మన పెరటి మందారం మీద వాలేది తేనెపిట్ట, దీనికి చుట్టం కూడా కాదు. అమెరికాల బయట దీని పూర్వీకుల జాడ ఒకటి జర్మనీలో శిలాజంగా దొరికింది, వయసు సుమారు 3 కోట్ల ఏళ్లు. అప్పటికి ఏ సంప్రదాయానికీ మనిషే లేడు.

అన్ని శాఖల్లోనూ ఆరోపణలు రుజువయ్యాయని రాసి ఫైలు మూయబోతుంటే మా ఆవిడ అడ్డుపడింది. అంతవరకు చిక్కుడుకాయలు వలుస్తూ కిటికీలోంచి చూస్తున్న మనిషి, "శాంతీ ప్రేమా నాకు తెలియవు గానీ, పెద్దలు వస్తారన్న మాట మాత్రం నిజమేనండీ. ఆవిడ మా అత్తగారు" అంది. పంచదార డబ్బాకు ఎదురుగా పీట వేసుకుని కూర్చోవడం, ఇంకో చెయ్యి దాని మీదికి వస్తే లేవడం, మళ్లీ అదే పీట మీదికి చేరడం, అన్నీ ఆవిడ పద్ధతులేనట. మా అమ్మ యుద్ధంలో పోలేదని నేను నిబంధన చూపించబోయాను. "మన వంటింట్లో 21 ఏళ్లు చేసిందేమిటి మరి?" అని అడిగింది. దీనికి నా దగ్గర జవాబు లేక, అర్హత ఉన్నట్టేనని మార్జిన్‌లో రాసుకున్నాను.

మర్నాడు మా ఆవిడ కోడలి చేత ఇంకో ఫీడరు తెప్పించి, మొదటిది కనబడకుండా ఇంటి ముందువైపు కట్టించింది. చిన్నపిట్టలు అక్కడైనా నాలుగు చుక్కలు తాగుతాయని ఆవిడ ఆలోచన. మధ్యాహ్నం దాకా తాగాయి కూడా. ఆ తర్వాత నుంచి తెల్లగొంతు పిట్ట ఇంటికప్పు మీదుగా అటూ ఇటూ తిరుగుతూ రెండు వంటిళ్లూ చూసుకుంటోంది.